కామా చాలనప్పుడు, ఫుల్‌స్టాప్ ఎక్కువైనప్పుడు

ఇంగ్లీషు రాత గురించి మీరు పంపిన ప్రశ్నల్లో కోలన్ (:), సెమీకోలన్ (;) అనే గుర్తుల మీద వచ్చినవన్నీ ఈసారి ఒకచోట చేర్చాను. థీసిస్‌లు, ఆఫీసు రిపోర్టులు దిద్దడమే నా పని. ఈ రెండు గుర్తుల దగ్గర చేయి ఆగిపోయేవాళ్లను రోజూ చూస్తుంటాను. అందుకే ఈ ప్రశ్నలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఉదాహరణలుగా ఇచ్చిన ఇంగ్లీషు వాక్యాలు తెలుగు లిపిలో ఉన్నా, గుర్తులు మాత్రం ఇంగ్లీషులో ఎక్కడ పడతాయో అక్కడే పెట్టాను.

ప్రశ్న: మేడమ్, నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. మొదటి చాప్టర్ చూసి మా గైడ్ పేజీ పేజీకీ కామాల చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టి, పక్కన "కామా స్ప్లైస్" అని రాసిచ్చారు. అలాంటిచోట సెమీకోలన్ పెట్టాలని ఫ్రెండ్స్ చెబితే అన్నిచోట్లా మార్చేశాను. ఇప్పుడేమో సెమీకోలన్ల చుట్టూ సున్నాలొచ్చాయి. చాలా టెన్షన్‌గా ఉంది. నా వాక్యాలు రెండు పంపుతున్నాను, చూడండి.
– ఓ పరిశోధక విద్యార్థిని

జవాబు: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టమ్మా. నువ్వు పంపిన రెండు వాక్యాల్లోనే విషయమంతా ఉంది.

మొదటిది, గైడ్ మొదటిసారి సున్నా చుట్టింది: "వి కలెక్టెడ్ ద శాంపిల్స్ ఇన్ జూన్, వి టెస్టెడ్ దెమ్ ఇన్ జులై." ఇక్కడ కామా తీసేసి ఫుల్‌స్టాప్ పెట్టి చూడు. "వి కలెక్టెడ్ ద శాంపిల్స్ ఇన్ జూన్." ఇది తనంతట తాను నిలబడుతుంది. "వి టెస్టెడ్ దెమ్ ఇన్ జులై." ఇదీ నిలబడుతుంది. సొంతంగా నిలబడగల రెండు వాక్యాలను కామా ఒక్కటే పట్టి ఉంచలేదు. అదే కామా స్ప్లైస్. దీన్ని మూడు రకాలుగా సరిచేయొచ్చు: ఫుల్‌స్టాప్ పెట్టి రెండు వాక్యాలు చేయొచ్చు, కామా ఉంచి దాని తర్వాత "అండ్" చేర్చొచ్చు, లేదా కామా బదులు సెమీకోలన్ పెట్టొచ్చు. మూడూ తప్పు లేనివే.

రెండోది, తర్వాత సున్నా పడింది: "ఆల్దో ద శాంపిల్ వాజ్ స్మాల్; ద రిజల్ట్స్ వర్ క్లియర్." ఇక్కడా అదే పరీక్ష చెయ్యి. "ఆల్దో ద శాంపిల్ వాజ్ స్మాల్." అని ఫుల్‌స్టాప్ పెడితే చదివేవాడు "అయితే ఏమైంది?" అని ఎదురుచూస్తూ ఉండిపోతాడు. ఎడమవైపు ముక్క నిలబడలేదు. కాబట్టి ఇక్కడ సెమీకోలన్ పనికిరాదు, మామూలు కామా చాలు.

సెమీకోలన్‌కు అటూ ఇటూ ఫుల్‌స్టాప్ పరీక్ష నెగ్గిన వాక్యాలే ఉండాలి. జాబితాల్లో దీనికి ఇంకో వాడుక ఉంది, దాని గురించి కింద ఇంకో పాఠకుడు అడిగారు. అది తప్పిస్తే నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఈ ఒక్క పరీక్షే.

ఇంత తేలికైన పరీక్షలో మనవాళ్లు అంతగా ఎందుకు తడబడతారో కూడా చెప్పాలి, ఎందుకంటే కారణం తెలివితక్కువతనం కాదు, మన భాష అలవాటు. తెలుగులో "వాన పడింది, బస్సు రాలేదు" అని కామాతో రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. చెవికీ హాయిగా ఉంటుంది. అదే చెవితో ఇంగ్లీషు రాస్తాం, కామా పెట్టి ముందుకెళ్లిపోతాం. రెండో కారణం ఇంకా లోతైనది. మాట ఇంకా పూర్తి కాలేదని తెలుగు చివర్లో చెబుతుంది: పడినా, పడితే, పడింది కాబట్టి. ఇంగ్లీషు అదే సంగతి మొదట్లో చెబుతుంది: ఆల్దో, ఇఫ్, బికాజ్, వెన్. మన కన్ను చివర్లో వెతుకుతుంది. అక్కడ "వాజ్ స్మాల్" అని పూర్తయిన క్రియ కనబడగానే వాక్యం అయిపోయిందనుకుంటుంది. కాబట్టి నీ చాప్టర్ మళ్లీ దిద్దేటప్పుడు ప్రతి ముక్కలో మొదటి మాట చూడు. అక్కడ ఆల్దో, బికాజ్ లాంటి మాట ఉంటే ఆ ముక్క ఒంటరిగా నిలబడదు.

ఇంకో మాట. గైడ్ చుట్టిన కామాలన్నీ సెమీకోలన్లు అయి తీరాలని లేదు. నా అనుభవంలో ఇలాంటి చోట్ల ఎక్కువసార్లు సరైన మందు ఫుల్‌స్టాపే. రెండు వాక్యాలూ ఒకే సంగతికి రెండు వైపులైనప్పుడు, వాటిని విడదీస్తే ఆ బంధం తెగిపోతుందని నీకు అనిపించినప్పుడు మాత్రమే సెమీకోలన్ తీసుకో. జూన్‌లో సేకరించడం, జులైలో పరీక్షించడం అంత దగ్గరి చుట్టాలేమీ కాదు. నేనైతే "అండ్" పెట్టి వదిలేస్తాను.

ప్రశ్న: ఆఫీసు మెయిల్స్‌లో "హౌఎవర్" ముందు కామా పెడుతుంటాను. మా కొత్త మేనేజర్ సెమీకోలన్ పెట్టమంటున్నారు. "బట్" ముందు కామా సరిపోతున్నప్పుడు అదే అర్థమున్న "హౌఎవర్" ముందు ఎందుకు సరిపోదు?
– ఓ ఉద్యోగి

జవాబు: మీ మేనేజర్ చెప్పింది నిజం. అర్థం ఒకటే అయినా వాక్యంలో వాటి ఉద్యోగాలు వేరు. "బట్" రెండు వాక్యాలను కలిపే మాట. "హౌఎవర్" కలపదు, ఒక వాక్యం లోపల ఉండి దాని ధోరణి చెబుతుంది, అంతే. నమ్మకం లేకపోతే కదిపి చూడండి. "ద టీమ్ అగ్రీడ్, బట్ ద మేనేజర్ డిడ్ నాట్." ఇందులో "బట్"ను ఎటూ జరపలేరు. "ద మేనేజర్, బట్, డిడ్ నాట్" అని ఎవరూ అనరు. "ద మేనేజర్, హౌఎవర్, డిడ్ నాట్" అని మాత్రం హాయిగా అనొచ్చు. అటూ ఇటూ కదలగలిగే మాట రెండు వాక్యాలను కట్టి ఉంచలేదు. కట్టడానికి సెమీకోలన్ కావాలి: "ద టీమ్ అగ్రీడ్; హౌఎవర్, ద మేనేజర్ డిడ్ నాట్." హౌఎవర్ తర్వాత కామా తప్పనిసరి.

దేర్‌ఫోర్, మోర్ఓవర్, నెవర్‌దలెస్, అదర్‌వైజ్, కాన్సీక్వెంట్లీ, ఇవన్నీ ఇదే బాపతు. అన్నిటినీ కదిపి చూడొచ్చు.

పైగా కామాతో నిజంగానే ఇబ్బంది వస్తుంది. "ద డేట్ ఈజ్ ఫిక్స్‌డ్, హౌఎవర్, ద వెన్యూ మే చేంజ్." ఇందులో "హౌఎవర్" తేదీ మాటకు చెందుతుందా, వేదిక మాటకు చెందుతుందా? రెండు పక్కలా కామాలే ఉండటంతో చదివేవాళ్లు చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. మెయిల్ అందుకున్నవాళ్లకు ఆ శ్రమ ఇవ్వకూడదు.

ప్రశ్న: నేను స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. "మై ఫేవరెట్ సబ్జెక్ట్స్ ఆర్: మ్యాథ్స్, హిస్టరీ అండ్ ఆర్ట్" అని పిల్లలు రాస్తే రైట్ కొడుతున్నాను. జాబితా ముందు కోలన్ పెట్టాలనే కదా మనం నేర్చుకున్నది. తోటి టీచర్ తప్పంటున్నారు.
– ఓ ఉపాధ్యాయురాలు

జవాబు: మీ తోటి టీచర్ వైపే ఉన్నాను మేడమ్. "జాబితా ముందు కోలన్" అనే సూత్రం సగమే నిజం. కోలన్‌కు కావాల్సింది కుడివైపు జాబితా కాదు, ఎడమవైపు పూర్తి వాక్యం. "మై ఫేవరెట్ సబ్జెక్ట్స్ ఆర్" అన్నది పూర్తికాలేదు. "ఆర్" తర్వాత రావాల్సిన మాటల కోసం అది చెయ్యి చాచి ఉంది. మధ్యలో కోలన్ పెడితే ఇచ్చే చేతికీ పుచ్చుకునే చేతికీ మధ్య తలుపు వేసినట్టే. కోలన్ తీసేస్తే వాక్యం తనంతట తానే సరిపోతుంది. కోలన్ ఉండి తీరాలంటే ఎడమవైపు నింపండి: "ఐ హావ్ త్రీ ఫేవరెట్ సబ్జెక్ట్స్: మ్యాథ్స్, హిస్టరీ అండ్ ఆర్ట్."

ఇదే కారణంగా "సచ్ యాజ్", "ఇంక్లూడింగ్" తర్వాతా, "ఆఫ్", "టు", "విత్" లాంటి చిన్న మాటల తర్వాతా కోలన్ రాదు. ఒక మినహాయింపు ఉంది. జాబితాను వరస పేరా కింద కాకుండా ఒక్కో అంశం ఒక్కో లైనులో బులెట్లతో ఇచ్చేటప్పుడు, ఎడమవైపు వాక్యం పూర్తి కాకపోయినా కోలన్ పెట్టడం చాలామంది ఎడిటర్లు ఒప్పుకుంటారు. "డేట్:", "నేమ్:" లాంటి ఫారం లేబుళ్లకు ఈ నియమమే వర్తించదు, అవి వాక్యాలు కావు.

కానీ మేడమ్, కోలన్‌ను పిల్లలకు జాబితా గుర్తుగా మాత్రమే పరిచయం చేయకండి, దయచేసి. దాని అసలు బలం జాబితాల్లో లేదు. ఎడమవైపు ఒక మాట అని, వినేవాళ్లలో "ఏమిటది?" "ఎందుకని?" అనే ప్రశ్న పుట్టించి, కుడివైపు జవాబు ఇవ్వడం దాని పని. ఇది వాళ్లకు చూపించడానికి ఒక చక్కటి మార్గం చెబుతాను. బోర్డు మీద రెండు వాక్యాలు రాయండి: ద మెషీన్ స్టాప్డ్ ఎట్ నూన్. ద ఆపరేటర్ వాజ్ ఎబ్సెంట్. మధ్యలో ఒకసారి ఫుల్‌స్టాప్, ఒకసారి సెమీకోలన్, ఒకసారి కోలన్ పెట్టి చదివించండి.

ఫుల్‌స్టాప్‌తో అవి రెండు వేరువేరు విషయాలు. మధ్యాహ్నం యంత్రం ఆగింది. ఆపరేటర్ లేడు. సంబంధం ఉందో లేదో చదివేవాడే తేల్చుకోవాలి. సెమీకోలన్ పెడితే "ఈ రెండూ కలిపి చూడండి" అని రాసినవాడు చెబుతున్నాడు, ఏ సంబంధమో మాత్రం చెప్పలేదు. కోలన్ పెట్టగానే సంగతి మారిపోతుంది. యంత్రం ఆగింది, ఎందుకంటే ఆపరేటర్ లేడు అని తీర్పు చెప్పేసినట్టే. ఒక్క మాటా మారలేదు, కానీ ఒక మనిషి మీద తప్పు పడింది.

ఆఫీసు రిపోర్టుల్లో ఈ తేడా ఎంత పెద్దదో నేను చూశాను. కారణం ఇంకా రుజువు కానిచోట యథాలాపంగా పెట్టిన కోలన్ ఒకరి ఉద్యోగం మీదికి తెస్తుంది. అందుకే రిపోర్టు దిద్దేటప్పుడు కోలన్ దగ్గర ఆగి, "ఇది కారణమని మీకు తెలుసా, అనుకుంటున్నారా?" అని రాసినవాళ్లను అడుగుతాను. అనుకుంటున్నామంటే సెమీకోలన్ చేస్తాను. కొన్నిసార్లు అదీ ఎక్కువే, ఫుల్‌స్టాప్ పెట్టమంటాను. పిల్లలకు ఈ వయసులోనే ఇది అర్థమైతే, పంక్చుయేషన్ అంటే మార్కుల కోసం కంఠతా పట్టే సంగతి కాదని తెలుస్తుంది.

ప్రశ్న: కోలన్ తర్వాత క్యాపిటల్ లెటర్ రావాలా, స్మాల్ లెటరా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: బ్రిటిష్ పద్ధతిలో చిన్న అక్షరమే. అమెరికా పద్ధతుల్లో ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్), ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ) స్టైల్ రెండూ కోలన్ తర్వాత పూర్తి వాక్యం వస్తే పెద్ద అక్షరం, ముక్క మాత్రమే వస్తే చిన్న అక్షరం పెట్టమంటాయి. మీ కాలేజీ ఏ స్టైల్ అడుగుతుందో కనుక్కుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే పాటించండి. సెమీకోలన్ తర్వాత మాత్రం ఏ పద్ధతిలోనైనా చిన్న అక్షరమే. పేర్లు, "ఐ" అనే మాట వస్తే వాటి సంగతి వేరు.

ప్రశ్న: మా సంఘం మీటింగు నోట్స్ ఇంగ్లీషులో రాసే పని నాది. "ద కమిటీ ఇంక్లూడ్స్ ద చైర్‌పర్సన్, ఎ డాక్టర్, ద సెక్రటరీ, ఎ లాయర్, అండ్ ద ట్రెజరర్" అని రాస్తే, కమిటీలో ఐదుగురున్నారా అని ఒకరు అడిగారు. ఉన్నది ముగ్గురే. ఎలా రాయాలి?
– ఓ సంఘం కార్యదర్శి

జవాబు: సెమీకోలన్‌కు ఉన్న రెండో ఉద్యోగం ఇదేనండీ. జాబితాలోని అంశాల లోపలే కామాలు ఉన్నప్పుడు, అంశానికీ అంశానికీ మధ్య కామా కంటే బలమైన హద్దు కావాలి. "ద కమిటీ ఇంక్లూడ్స్ ద చైర్‌పర్సన్, ఎ డాక్టర్; ద సెక్రటరీ, ఎ లాయర్; అండ్ ద ట్రెజరర్." ఇప్పుడు డాక్టర్ ఎవరో, లాయర్ ఎవరో తేలిపోయింది. ముగ్గురే. చివరి "అండ్" ముందు కూడా సెమీకోలన్ ఉండాలి, చాలామంది అక్కడ మళ్లీ కామాకు జారిపోతారు. ఇలాంటి జాబితాలో ఫుల్‌స్టాప్ పరీక్ష వర్తించదు. ఊరూ దేశం కలిపి రాసే పేర్లకూ ఇదే దారి: "పారిస్, ఫ్రాన్స్; టోక్యో, జపాన్; కైరో, ఈజిప్ట్."

జాబితాలో అంశాలన్నీ ఒక్కో మాటే అయితే సెమీకోలన్లు అక్కర్లేదు. కామాలే అందం.

ప్రశ్న: లా చదువుతున్నాను. చట్టాల్లో ప్రతి క్లాజు చివరా సెమీకోలన్ కనిపిస్తుంది. అది నిజంగా అర్థాన్ని మారుస్తుందా, లేక రాసే పద్ధతి మాత్రమేనా?
– ఓ లా విద్యార్థి

జవాబు: మారుస్తుంది బాబూ. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో జరిగింది చెబుతాను. అక్కడి మద్యం చట్టంలో ఒక నిబంధన ఉండేది. దాని సారాంశం ఇది: రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా మద్యం అమ్మకూడదు; ఆదివారం కూడా అమ్మకూడదు, అయితే హోటల్ లైసెన్సు ఉన్నవాళ్లు తమ దగ్గర భోజనానికీ బసకూ వచ్చిన అతిథులకు ఇవ్వొచ్చు. మధ్యలో ఉన్న సెమీకోలన్ గమనించారు కదా. హోటళ్లవాళ్లు ఆ "అయితే" తమకు రెండు నిషేధాల నుంచీ సడలింపు ఇస్తుందనుకుని రాత్రి 11 దాటాక కూడా అతిథులకు పోస్తూ వచ్చారు. 1900లో విషయం కోర్టుకెక్కింది. సెమీకోలన్ నిబంధనను రెండుగా కోసిందనీ, మినహాయింపు దాని కుడివైపున ఉన్న ఆదివారం మాటకే చెందుతుందనీ, ఎడమవైపున ఉన్న రాత్రి నిషేధానికి చెందదనీ కోర్టు తేల్చింది. దాంతో రాత్రి 11 తర్వాత హోటళ్లలోనూ మద్యం బంద్. జనం ఆ చట్టాన్ని "సెమీకోలన్ లా" అని పిలిచారు. 1906లో చట్టం సవరించేదాకా ఆ గుర్తు మాటే చెల్లింది.

ఆ సెమీకోలన్ స్థానంలో కామా ఉండి ఉంటే మినహాయింపు రెండింటికీ వర్తిస్తుందని వాదించడానికి చోటుండేది. మీరు రేపు కాంట్రాక్టులు రాసేటప్పుడు ఇదే ప్రశ్న వేసుకోండి: "ఎక్సెప్ట్", "ప్రొవైడెడ్ దట్" అని మొదలయ్యే ముక్క ఎంతవరకు వర్తించాలి? అది అన్నిటికీ వర్తించాలంటే చివరి క్లాజు తోకకు తగిలించకండి, దాన్ని విడిగా ఇంకో వాక్యంగా రాయండి. క్లాజుల వరసలో చివరి దానికి ముందు క్లాజు దగ్గర సెమీకోలన్ తర్వాత "అండ్" ఉందా "ఆర్" ఉందా అన్నది కూడా అంతే ముఖ్యం. "అండ్" ఉంటే షరతులన్నీ నెరవేరాలి, "ఆర్" ఉంటే ఒక్కటి చాలు.

ప్రశ్న: నేను రిటైర్డ్ ఉద్యోగిని. మా రోజుల్లో "సబ్జెక్ట్:-" అని కోలన్ పక్కన గీత గీసేవాళ్లం. మనవరాలు తప్పంటోంది. "డియర్ సర్" తర్వాత ఏది పెట్టాలన్నదీ చెప్పమ్మా.
– ఓ తాతగారు

జవాబు: నమస్కారమండీ. మీరు గీసింది మీ కాలానికి తప్పు కాదు. కోలన్ పక్కన గీత పెట్టడం పాత బ్రిటిష్ అచ్చు పుస్తకాల్లో మామూలే. అక్కడి నుంచే ఆఫీసు ఉత్తరాల్లోకి వచ్చి స్థిరపడింది. ఇప్పటి ఇంగ్లీషులో అది వాడుకలో లేదు, కోలన్ ఒక్కటే చాలు. కాబట్టి మనవరాలి మాట కూడా నిజమే. కోలన్‌కు ముందు ఖాళీ వదలకూడదని కూడా ఆమెకు చెప్పండి. ఫ్రెంచివాళ్లు కోలన్, సెమీకోలన్ల ముందు ఖాళీ ఇస్తారు, ఇంగ్లీషులో గుర్తు మాటను అంటుకునే ఉండాలి, ఖాళీ తర్వాతే.

"డియర్ సర్" తర్వాత బ్రిటిష్ పద్ధతిలో కామా, అమెరికా వ్యాపార ఉత్తరాల్లో కోలన్. సెమీకోలన్ ఎక్కడా రాదు.

కోలన్ మాట వచ్చింది కాబట్టి తెలుగు టైపు చేసే అందరికీ ఒక మనవి. "దుఃఖం", "అంతఃపురం" రాసేటప్పుడు విసర్గ బదులు కోలన్ కొట్టేస్తున్నారు. కంటికి రెండూ రెండు చుక్కలే, కంప్యూటర్‌కు కాదు. కోలన్ పెట్టిన మాటను తర్వాత వెతికితే దొరకదు. తెలుగు కీబోర్డులో విసర్గ విడిగా ఉంటుంది, దయచేసి అదే వాడండి.

ప్రశ్న: కొటేషన్ మార్కుల లోపల పెట్టాలా, బయటా?
– పేరు రాయని పాఠకుడు

జవాబు: కోలన్, సెమీకోలన్ రెండూ బయటే. కామా, ఫుల్‌స్టాప్ విషయంలో బ్రిటిష్, అమెరికా పద్ధతులు తగవులాడుకుంటాయి కానీ ఈ రెండింటి దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట.

ప్రశ్న: అమెరికన్ రచయిత కర్ట్ వానెగట్ సెమీకోలన్ వాడొద్దని, కాలేజీకి వెళ్లామని చూపించుకోవడానికే అది పనికొస్తుందని చెప్పారట. చాట్‌లో ఎవరూ వాడరు. ఇంకా నేర్చుకోవడం అవసరమా?
– ఓ యువ రచయిత

జవాబు: వానెగట్ ఆ సలహా ఇచ్చిన మాట నిజమే. కథ రాసేవాళ్లకు అందులో పనికొచ్చే సంగతి కూడా ఉంది. పాత్రలు మాట్లాడేచోట, వేగంగా సాగే సన్నివేశంలో సెమీకోలన్ కాలికి అడ్డం పడుతుంది. చాట్‌లో వాడకపోతే ఎవరికీ నష్టం లేదు. అయినా నేర్చుకోవడం అవసరమనే అంటాను, గట్టిగా అంటాను. 15వ శతాబ్దం చివర్లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త ఈ గుర్తును అచ్చులోకి తెచ్చాడు. కామాకూ కోలన్‌కూ మధ్యస్థంగా ఉండే విరామం ఒకటి కావలసి వచ్చింది కాబట్టి తెచ్చాడు. ఆ అవసరం ఇవాళ్టికీ తీరిపోలేదు. రెండు విషయాలను తూకం వేసి చూపాలనుకుంటారు. వాటి మధ్య "బికాజ్" అనడానికి ఆధారం లేదు, "బట్" అనేంత వైరం లేదు, ఫుల్‌స్టాప్‌తో విడదీయడానికి మనసొప్పదు. వ్యాసాల్లో, వాదనల్లో, న్యాయం గురించో సైన్సు గురించో రాసేచోట ఇలాంటి సందర్భం మాటిమాటికీ వస్తుంది. అప్పుడు ఈ గుర్తు తెలియనివాళ్లు గత్యంతరం లేక "అండ్" అంటారు, లేదా లేని కారణాన్ని తెచ్చి "బికాజ్" అంటారు. రెండూ ఆలోచనను మొద్దుబారుస్తాయి.

మితి మాత్రం ఉండాలి. ఒకే వాక్యంలో రెండు సెమీకోలన్లు కనిపిస్తే, అది జాబితా కాకపోతే, నేను ఒకదాన్ని తప్పకుండా ఫుల్‌స్టాప్ చేస్తాను. పేరా నిండా అవే ఉంటే రాసినవాళ్లు ఏ సంగతికి బరువు ఇవ్వాలో తేల్చుకోలేదని అర్థం.

ప్రశ్న: అక్కా, ఉద్యోగానికి కవర్ లెటర్ రాస్తున్నాను. ఈ వాక్యం సరిగా ఉందో లేదో చెప్పండి: "ఐ హావ్ వర్క్‌డ్ ఇన్ త్రీ రోల్స్; ట్రైనీ, అనలిస్ట్ అండ్ టీమ్ లీడ్: ఈచ్ రోల్ టాట్ మి టు లిజన్ ఫస్ట్."
– ఓ చెల్లి

జవాబు: వాక్యం బాగుందమ్మా, గుర్తులే ఒకదాని చోటులో ఒకటి కూర్చున్నాయి. "త్రీ రోల్స్" అనగానే "ఏవి?" అనే ప్రశ్న పుట్టింది. అక్కడ జవాబు ఇవ్వాలి, అంటే కోలన్. సెమీకోలన్ జాబితాను మొదలుపెట్టలేదు. పైగా దాని కుడివైపున ఉన్న "ట్రైనీ, అనలిస్ట్ అండ్ టీమ్ లీడ్" ఒంటరిగా నిలబడే వాక్యం కాదు. ఇక "టీమ్ లీడ్" తర్వాత ఉన్న కోలన్ తీసేయి. ఒకే వాక్యంలో రెండు కోలన్లు పెట్టకు. ఆ చివరి ముక్క ఈ ఉత్తరంలో నీ గురించి చెప్పే అసలు మాట, దానికి సొంత వాక్యం ఇవ్వు: "ఐ హావ్ వర్క్‌డ్ ఇన్ త్రీ రోల్స్: ట్రైనీ, అనలిస్ట్ అండ్ టీమ్ లీడ్. ఈచ్ రోల్ టాట్ మి టు లిజన్ ఫస్ట్." ఇక పంపెయ్యి.